పట్టుకోవడమే తెలిసిన లోహం

శ్రీకాకుళంలో ఆ ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్ముని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి చూపించినప్పుడు, మసకమసగ్గా ఉన్న మణికట్టు ఎముకల మధ్య తెల్లగా, నిటారుగా, చుట్టూ ఉన్న దేనితోనూ తనకు సంబంధం లేనట్టు కనిపించిన ఆ చిన్న పట్టీని చూసి, నేను ఎక్కడ నిలబడి ఉన్నానో కాసేపు మరిచిపోయాను. ఆ మణికట్టు మా అప్పది. మా వైపు అక్కని అప్ప అని పిలుస్తాం; నాకున్నది ఒక్కతే అప్ప, పొందూరులో ఉంటుంది, డెబ్బై దాటింది. నిరుడు వానాకాలంలో నూతి దగ్గర పాచి మీద కాలు జారి, పడబోతూ ఎడమ చెయ్యి నేలకి ఆన్చింది, చెయ్యి విరిగింది. ఆపరేషన్ చేసి, విరిగిన చోట ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు.

టైటానియం అండీ, తుప్పు పట్టదు, ఒంటికి పడుతుంది, ఇంక ఆ సంగతి మరిచిపోండి అన్నారు డాక్టరుగారు. ఆయన వయసు నా సర్వీసంత కూడా ఉండదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యే దాకా ఆ లోహంతోనే కాపురం చేసిన వాణ్ణి, ఏమీ తెలియని వాడిలా అలాగేనండీ అని తలూపాను. ఆ రేకుని ఎలా ఒత్తుతారో, ఎలా కాలుస్తారో, దేంట్లో ముంచి పైపొర తీస్తారో, తీశాక మళ్ళీ ఎందుకు గరుకు చేస్తారో నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఎవరూ అడగని సంగతి ఆస్పత్రి వరండాలో మొదలుపెడితే పెద్దాయనకి చాదస్తం అనుకుంటారు. అందుకే మీకు చెబుతున్నాను. మీరూ ఇంచుమించు నా ఈడు వాళ్ళే అయ్యుంటారు, కాస్త తీరిక ఉంటుంది, మధ్యలో లేచి వెళ్ళిపోరు.

విరిగింది ఎడమ చెయ్యి కావడం అదృష్టమని డాక్టరుగారూ అన్నారు, నర్సమ్మా అంది, చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ అన్నారు. కుడి చేత్తో అన్నం తింటుంది, జడ ఎవరో ఒకరు వేస్తారు, ఇంకేం కావాలి అన్నారు. అప్ప నా వైపు చూసింది. ఆ చూపు అర్థం కావాలంటే నూలు వడికే ఇంట్లో పెరిగి ఉండాలి. రాట్నం దగ్గర కుడి చెయ్యి చేసేదల్లా చక్రం తిప్పడం, ఆ పని ఎవరైనా చేస్తారు, చిన్నప్పుడు నేనూ చేశాను. నూలు తీసేది ఎడమ చెయ్యి. ఏకుని, అంటే చుట్టి పెట్టుకున్న దూది వత్తిని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీ పట్టనట్టు పట్టుకుని, కదురు తిరుగుతుంటే చెయ్యి మెల్లగా వెనక్కి జరుపుతూ, ఎంత వదలాలో అంతే వదులుతూ పోతే సన్నటి దారం వస్తుంది. వేళ్ళు కాస్త బిగిస్తే తెగుతుంది, కాస్త వదిలితే లావెక్కుతుంది. ఊరందరూ అదృష్టమన్న ఆ చేతిలోనే ఉంది మా అప్ప బతుకంతా.

"బాబూ, మరి నూలు తియ్యడానికి అవుతాదా?" అని డాక్టరుగారిని అడిగింది. ఆయన నవ్వి, అన్ని పనులూ చేసుకోవచ్చమ్మా అని, తరవాతి పేషెంటు ఫిల్ము అందుకున్నారు. ఆయన తప్పు లేదు, బయట అంత మంది జనం ఉన్నారు.

నేను చదువుకున్నది, చొక్కా తొడుక్కున్నది ఆ ఎడమ చేతి మీదే. నాన్న నా చిన్నతనంలోనే పోతే, అమ్మా అప్పా నూలు వడికి ఇల్లు నడిపారు. అమ్మ మణికట్టు కూడా ఒకసారి విరిగింది. అప్పట్లో మాకు ఎక్స్‌రేలు ఎక్కడివి, పక్క ఊరి నుంచి కట్లు కట్టే తాత వచ్చి, ఏదో ఆకు పసరు పూసి, వెదురు బద్దలు కట్టి వెళ్ళాడు. ఎముక వంకరగానే అతుక్కుంది, ఆ చెయ్యి చివరిదాకా ఒక పక్కకి తిరిగే ఉండేది, ఆ వంకర చేత్తోనే అమ్మ పోయేదాకా నూలు తీసింది. దీన్నిబట్టి నాటు కట్లే మేలని నేను అనబోవడం లేదు, ఆ తాత కట్టిన కట్లకి చెయ్యి కుళ్ళిపోయిన వాళ్ళనీ చూశాను. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, అంతే.

అప్పని ఊళ్ళోనే ఇచ్చారు. బావ మగ్గం నేస్తాడు, ఈ వయసులోనూ నేస్తూనే ఉన్నాడు, మగ్గం కన్నా ఎక్కువ చప్పుడు నోటితో చేస్తాడు. నాకు విజయనగరంలో ఐటీఐ పూర్తి కాగానే కొత్తవలస దగ్గర ఒక ఫ్యాక్టరీలో, రోలింగ్ షాపులో పని దొరికింది. కిరండూల్ లైను చీలే చోటు కదా, ఇనప రాయి మోసుకొచ్చే గూడ్సు బళ్ళ మోత ఒక పక్క, రేకుని నడుమ పెట్టి ఒత్తే మా ఉక్కు రోళ్ళ మోత ఒక పక్క, ఇంటికొచ్చి పడుకున్నా చెవుల్లో అదే రొద. ఆదివారం ముందు రోజు పాసింజరు ఎక్కి పొందూరులో దిగేవాణ్ణి, దిగగానే బావ మొదటి ప్రశ్న, ఈ వారం ఎంత ఇనుము తిన్నావు అని. అది ఇనుము కాదని, టైటానియమని, కళింగపట్నం ఒడ్డున ఇసుకలో నల్లటి చారలుంటాయే, అలాంటి ఇసుకలోంచి తీస్తారని ఎన్ని విధాల చెప్పినా వాళ్ళ తలకెక్కలేదు. అప్ప వీధిలో గర్వంగా చెప్పుకునేది, "మా తమ్ముడు ఇనప అప్పడాలు ఒత్తుతాడు" అని.

నిజానికి ఆవిడ అన్నదాంట్లో పెద్ద తప్పు లేదు. అయితే అప్పడాల పిండి ఎటు ఒత్తితే అటు సాగుతుంది, సాగాక కూడా మెత్తగానే ఉంటుంది. టైటానియం అలా మాట వినే రకం కాదు. చల్లటి రేకుని రోళ్ళ మధ్య నుంచి పంపిన ప్రతిసారీ కాస్త పలచబడుతుంది, పలచబడిన కొద్దీ బిర్రబిగుస్తుంది. గట్టిపడింది కదా అని మనం మురిసిపోతే అంచుల వెంట పగుళ్ళు చూపిస్తుంది. అప్పుడు దాన్ని ఫర్నేసులో పెట్టి తగినంత కాల్చి మెత్తబరచాలి. పుస్తకాల్లో దాన్ని ఎనీలింగ్ అంటారు, మా ఫోర్‌మన్‌గారు మాత్రం దాని కోపం దింపడం అనేవారు. కోపం దింపేటప్పుడు కూడా గాలి తగలనివ్వకూడదు; బాగా వేడెక్కిన టైటానియం గాలిని తాగేస్తుంది, తాగి ఒంటి మీద పెళుసు పొర కట్టుకుంటుంది, ఆ పొరతోనే వంచితే పైనుంచి చిట్లుకుంటూ వస్తుంది. అందుకని ఆ పొరని యాసిడ్ తొట్టిలో ముంచి తీసేవాళ్ళం. వేరే లోహాలేవీ కలపని శుద్ధమైన టైటానియమే ఇంత పెంకిగా ఉంటే, కలిపితే ఎలా ఉంటుందో అని మేం జోకులేసుకునేవాళ్ళం.

ఇంకో గుణం ఉంది దానికి. రోళ్ళలో ఏ వైపు నడిచిందో ఆ దారి వెంట లాగితే సాగుతుంది, అడ్డంగా లాగితే మొండికేస్తుంది. చూడ్డానికి మాత్రం రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అందుకే రోళ్ళలోంచి బయటికి రాగానే రేకు మీద సుద్దతో బాణం గీయడం మా షాపులో ఆచారం, అన్నం తినే ముందు చెయ్యి కడుక్కున్నంత అలవాటు. ఆ బాణం యాసిడ్ తొట్టిలో ఎలాగూ కరిగిపోతుంది కాబట్టి, ముంచే ముందు ఒక మూల చిన్న గాటు పెట్టేవాళ్ళం. ముక్కలుగా కోశాక ఆ గాటు ఒక్క ముక్కకే వెళుతుంది, మిగతా చదరపు ముక్కలు అటువో ఇటువో కంటితో చెప్పలేం. ల్యాబులో యంత్రాలు చెబుతాయంటారు గానీ, మా షాపులో తెలుసుకోవడానికి ఉన్న దారి ఒక్కటే, వంచి విరగ్గొట్టి చూడడం. తెలుస్తుంది, నిజమే, కానీ తెలిశాక ఆ ముక్క ఉండదు.

ఇంత పెంకి లోహానికి ఒక సోకు కూడా ఉంది. శుభ్రం చేసిన ముక్కని ఒక ద్రావణంలో వేలాడదీసి కరెంటు పెంచుకుంటూ పోతే, ఏ రంగూ కలపకుండానే బంగారు ఛాయ, తరవాత ఊదా, తరవాత నీలం, అలా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పైన కట్టే పలచటి పొర మందాన్ని బట్టి ఆ రంగులు కనిపిస్తాయని ఫోర్‌మన్‌గారు చెప్పారు. నేను నెమలి రంగు వచ్చిన చిన్న పట్టీ ఒకటి ఇంటికి తెచ్చి చూపిస్తే, అప్ప దాన్ని తడి గుడ్డతో తుడిచి తుడిచి, రంగు దిగకపోతే ముక్కు మీద వేలేసుకుంది. బావ మాత్రం అప్పటికప్పుడు, "అయితే నా మగ్గానికీ కరెంటెట్టు బామ్మర్దీ, తెల్ల బట్ట నేస్తే రంగుది వస్తాది" అన్నాడు. ఆ రోజుల్లో మేం ముగ్గురం దేనికైనా నవ్వేవాళ్ళం.

ఇప్పుడు చేప దవడ సంగతి చెప్పాలి. పొందూరు నూలు గురించి తెలిసిన వాళ్ళకి వాలుగ చేప దవడ గురించీ తెలిసే ఉంటుంది. గింజతో ఉన్న దూదిని ఆ దవడ మీదుండే సన్నటి పళ్ళ మీద దువ్వుతారు. చెత్త పళ్ళలో ఉండిపోతుంది, పోగులన్నీ ఒక దారికి వస్తాయి. తరవాత గింజ తీయడం, దూదిని విల్లు తాడుతో ఏకి మెత్తబరచడం, ఏకులు చుట్టి ఆరిపోకుండా అరటి దొప్పలో దాచుకోవడం, ఆ పైన రాట్నం. మొదట ఆ దవడ సరిగ్గా లేకపోతే తరవాత ఎంత ఒడుపు చూపించినా నూలులో బుడిపెలే. ఆ దవడలు గోదావరి వైపు నుంచి ఒకాయన తెచ్చి ఇంటింటికీ ఇచ్చేవాడు. ఒక ఏడాది ఆయన రాలేదు. అప్పది అప్పటికే అరిగిపోయి, పళ్ళు ఊడి, నోరు బోసిపోయినట్టు ఉంది. ఆవిడ నూలు చూసి ఖాదీ కేంద్రంలో మొహం చిట్లించారట. ఎప్పుడూ ఎవరి చేతా ఒక మాట పడని మనిషి, ఆ పూట అన్నం తినలేదు.

నేను ఊరుకుంటానా? కొత్తగా ఉద్యోగం వచ్చిన మగపిల్లాడికి తను చేయలేనిది ఈ లోకంలో ఏదీ లేదనిపించే వయసు. చేప ఎముక పాటి చేయదా మా లోహం అనుకున్నాను. ఫోర్‌మన్‌గారిని అడిగి తుక్కులోంచి ఒక ముక్క తెచ్చుకుని, తీరిక దొరికినప్పుడల్లా ఆకురాయితో పళ్ళు కోసి దువ్వెన చేశాను. కాల్చి మెత్తబరచిన రేకు అది, నాలుగు దువ్వులకే పళ్ళన్నీ పక్కకి వాలిపోయాయి. సరే అని రోళ్ళలో బాగా గట్టిపడిన ముక్క తీసుకుని, పళ్ళు విరక్కుండా ఉండాలని రేకు నడిచిన దారి వెంటే అవి నిలబడేలా కోసి, అద్దంలా మెరుగు పెట్టి తెచ్చాను. ఈసారి పళ్ళు నిలిచాయి గానీ దూది జర్రున జారిపోయింది, దానితో పాటు చెత్తా జారిపోయింది. నున్నగా ఉండడమే తప్పయిందని, దాని మీదికి గాలి గొట్టంతో ఇసుక గట్టిగా కొట్టించి, యాసిడ్‌లో ముంచి, చేత్తో తడిమితే పిల్లి నాలుకలా గరుగ్గా ఉండేలా చేసి మళ్ళీ తెచ్చాను.

ఆ మూడో దువ్వెన చెత్తని పట్టుకుంది. దూదినీ పట్టుకుంది. అప్ప గింజ పట్టుకుని లాగితే పోగులు సగం దువ్వెనకే ఉండిపోయాయి, విడదీయబోతే తెగిపోయాయి. మా షాపులో రోళ్ళకి కూడా ఈ లోహం అలాగే అంటుకునేది, మాటిమాటికీ రోళ్ళు తుడుచుకోవడమే మా పని. అయినా నాకు ఆ సంగతి తోచలేదు. అప్ప నా మొహం చూసి జాలిపడి, మళ్ళీ ఇంకో గుప్పెడు దూదితో, మళ్ళీ ఇంకో గుప్పెడుతో, ఓపిగ్గా ప్రయత్నించింది. చివరికి దువ్వెనని వెలుతురుకి పెట్టి చూసి, "దీనికి పట్టుకోడవే తెలుసు గానీ, ఒగ్గడం తెల్దురా" అంది; ఒగ్గడమంటే మా వైపు వదలడం. అంతకన్నా బాగా ఆ లోహం గురించి మా ఇంజనీర్లెవరూ చెప్పగా నేను వినలేదు. తరవాత కొన్నాళ్ళకి ఆ గోదావరి ఆయన మళ్ళీ రావడం, అప్పకి కొత్త దవడ దొరకడం, నా దువ్వెనతో బావ వీపు గోక్కోవడం మొదలుపెట్టడం జరిగిపోయాయి.

చాలా ఏళ్ళ తరవాత, నేను షాపులో కాస్త పెద్దవాణ్ణయ్యాక, మాకు కొత్త రకం ఆర్డరు వచ్చింది. విరిగిన ఎముకలకి వేసే ప్లేట్ల కోసం పలచటి రేకు కావాలన్నారు. ఎంత గట్టిదనం ఉండాలో, ఎంత వంగాలో అన్నిటికీ పట్టింపే. వాటిలో కొన్నిటికి పైభాగాన్ని ఇసుకతో, యాసిడ్‌తో గరుకు చేసి పంపాలన్నారు. ఎందుకని అడిగితే, నున్నటి దాన్ని ఎముక ఖాతరు చేయదని, గరుకుగా ఉంటే పట్టుకుని దాని మీదికి పెరుగుతుందని ఫోర్‌మన్‌గారు చెప్పారు. నా దువ్వెన గుర్తొచ్చి నాకు ఎంత గర్వమనిపించిందో! దూదికి పనికిరాని గుణమే ఎముకకి పనికొచ్చిందని ఆ ఆదివారం అప్పకి చెబితే, ఏకు చేతిలోంచి జారనివ్వకుండానే, "పోన్లే, ఎవలికో ఒకలికి పనికొచ్చింది" అంది. ఆ ఎవరో ఒకరు ఆవిడే అవుతుందని మాకెవరికి తెలుసు?

ఆపరేషన్ అయి నెలలు గడిచాయి. కట్టు తీశారు, కుట్లు మానాయి, ఎముక అచ్చు పోసినట్టు అతుక్కుంది. బొటనవేలు మాత్రం చూపుడువేలి దగ్గరికి రావడం లేదు. వస్తుంది, సగం దూరం వచ్చి ఆగిపోతుంది, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు. రబ్బరు బంతి నొక్కమన్నారు, వేడి నీళ్ళలో పెట్టమన్నారు, అన్నీ చేసింది. రోజూ పొద్దున్నే స్నానం చేసి రాట్నం ముందు కూర్చుని, కుడి చేత్తో తిప్పుతూ, ఎడమ చేత్తో ఏకు పట్టుకోవడానికి చూసేది, ఏకు ఒళ్ళో పడిపోయేది. నేను రిటైరై ఉంటున్న విజయనగరం నుంచి రైలెక్కి వెళ్ళినప్పుడల్లా అరటి దొప్పలో ఏకులు అలాగే కనిపించేవి. బావ ఆ గదిలోకి వెళ్ళడం మానేశాడు.

మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఈసారి తీరిగ్గా కూర్చుని, వేళ్ళని కదిపే నరాల్లాంటి తాళ్ళు మణికట్టు దగ్గర ప్లేటు పక్కనుంచే పోతాయని, మానేటప్పుడు కొందరికి అవి ప్లేటుకి అంటుకుపోతాయని, ఇది ఎవరి తప్పూ కాదని, తన వేళ్ళు ఆడించి చూపిస్తూ చెప్పారు. నా నోరు ఊరుకోలేదు. ఆ ప్లేటు పైభాగం నున్నటిదా, గరుకు చేసిందా అని అడిగాను. ఆయన నన్ను మొదటిసారి చూసినట్టు చూసి, అవి ప్యాకెట్లో సిద్ధంగా వస్తాయండీ, అంత వివరం నాకు తెలియదు అన్నారు. నిజమే, ఆయనకెలా తెలుస్తుంది? ఆ రేకు ఎవరు ఒత్తారో, ఏ దారిలో కోశారో, దాని బాణం ఏ ఊరి తొట్టిలో కరిగిపోయిందో, విప్పి విరగ్గొట్టి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. ఒకవేళ చెప్పినా దాంతో నేను చేసేదేముంది? పట్టుకోవడం నేర్పి పంపిన లోహానికి ఏది ఎముకో, ఏది వేలిని లాగే తాడో తెలుస్తుందా?

ప్లేటు తీసేసి, అంటుకున్న వాటిని విడదీయడానికి ప్రయత్నించవచ్చు అన్నారాయన. అయితే ఎముక అంచుల మీదికి బాగా పెరిగిపోయింది, ఈ వయసులో తీస్తుంటే మళ్ళీ విరగవచ్చు, తీశాక కూడా వేళ్ళు వస్తాయని మాట ఇవ్వలేను, మీరు ఆలోచించుకోండి అన్నారు. బావ భుజం మీది తువ్వాలు తీసి, దాని అంచు పోగులు సవరిస్తూ కూర్చున్నాడు. ఆ పైన తలెత్తి, "నీ ఇనువే కదా బామ్మర్దీ, నువ్వే సెప్పు, ఏటి సేద్దాం?" అన్నాడు.

ఆయన వెటకారం ఆడలేదు. నిజంగానే అడిగాడు, నాకు తెలుస్తుందనే నమ్మకంతో. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అంత నమ్మకంగా ఒక మాట అడిగి ఉండరు, నేనూ ఎప్పుడూ అంత ఒట్టి చేతులతో నిలబడి ఉండను. బిగిసిపోయిన దాన్ని మెత్తబరచడానికి మా షాపులో ఫర్నేసు ఉంది, పైపొర తీయడానికి యాసిడ్ తొట్టి ఉంది, ఒకటి పాడైతే పక్కన పడేసి ఇంకోటి ఒత్తుకోవడానికి కావలసినంత రేకు ఉంది. అప్ప చేతికి ఏముంది? తీయించమంటే, తీసేటప్పుడు ఎముక విరిగితే? వద్దంటే, తీయిస్తే వచ్చేవేమో ఆ వేళ్ళు అనే మాట నన్ను బతకనిస్తుందా? చివరికి అప్పే తన ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, "ఒగ్గెయ్యండి ఇంక. నా సెయ్యిని మళ్ళీ కోయించుకోను" అని లేచి, మా కన్నా ముందు బయటికి నడిచింది.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం, నేను వెళ్ళేసరికి వసారాలో రాట్నం వేసుకుని కూర్చుని ఉంది. ఉన్న ఏకులు పాడవుతున్నాయని, తను తిప్పుతానని, నన్ను నూలు తీయమని పక్కన కూర్చోబెట్టుకుంది. డెబ్బైకి దగ్గర పడుతున్న వాణ్ణి, బుద్ధిగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా మోటు వేళ్ళతో ఏకు పట్టుకున్నాను. తెగింది. మళ్ళీ తెగింది. "లాగకురా, లాగకు. ఒగ్గితేనే వస్తాది" అని ఆవిడ కేకలు. ఒత్తడమూ లాగడమూ తప్ప ఇంకేమీ నేర్చుకోని ఈ చేతులకి వదలడం ఇప్పుడెలా వస్తుంది? వచ్చిన నాలుగు మూరల దారాన్ని బావ వేళ్ళ మధ్య నలిపి చూసి, "నులక మంచానికి బాగుంటాది" అన్నాడు. ముగ్గురం నవ్వాం, పాత రోజుల్లో నవ్వినట్టే నవ్వాం. అందరికన్నా ముందు అప్ప నవ్వు ఆగింది. తెగిన కొసలు కలపడానికి అలవాటుగా ఎడమ చెయ్యి చాపి, అది సగంలో ఆగిపోతే, దాని వైపు పరాయి మనిషి చేతిని చూసినట్టు చూసింది. నాకు ఏడుపొచ్చింది. జలుబు చేసిందని చెప్పి ముక్కు తుడుచుకున్నాను.

ఇప్పుడు మా ఊళ్ళో చేప దవడ పట్టుకునే చేతులు తగ్గిపోయాయి, అప్ప వీధిలోనే ఒకప్పుడు ప్రతి వసారాలో వినిపించే రాట్నం మోత ఇప్పుడు వెతుక్కుంటే గానీ వినిపించదు. మా ఫ్యాక్టరీలో కూడా ఇప్పుడు రేకు మీద బాణం సుద్దతో గీయరట, యంత్రమే ఏదో అచ్చు వేస్తుందట. ఎముకలు పూర్వంలా వంకరగా అతుక్కోవడం లేదు, మంచిదే. అమ్మ చెయ్యి వంకరగా ఉండి నూలు తిన్నగా వచ్చేది, అప్ప చెయ్యి తిన్నగా ఉంది. ఎవరిని ఏమనగలం? అందరూ తమ పని సరిగ్గానే చేశారు, ఆఖరికి ఆ లోహం కూడా.

మొన్న బయల్దేరుతుంటే అప్ప గూట్లోంచి నా పాత దువ్వెన తీసి ఇచ్చింది, ఇంట్లో అడ్డంగా ఉందని. ఇన్నేళ్ళయినా దాని మీద ఒక్క మచ్చ లేదు, కోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. పక్కనే ఉన్న చేప దవడ పచ్చబడి, కొసలు రాలిపోతోంది. రెండింటినీ కాసేపు మార్చి మార్చి చూసి, "ఒరే, రేపు నాను కాలిపోయినాక నా సేతిలోది మిగులుతాదేటి?" అని అడిగింది. మిగులుతుందన్నాను. అబద్ధం చెబుదామన్నా ఆ విషయంలో నాకు నోరు రాలేదు. "అయితే బూడిదలో ఏరి దీని పక్కనెట్టుకో" అంది, అంగట్లో మరిచిపోకుండా ఉప్పు తెమ్మన్నంత మామూలుగా.

ఆ దువ్వెన ఇప్పుడు నా కిటికీలో ఉంది. ఆ మంటలో అప్ప చేతి ప్లేటు ఏమవుతుందో నేను కూర్చున్న చోటి నుంచే చెప్పగలను. ముందు రంగులు తిరుగుతుంది, బంగారు ఛాయ, ఊదా, నీలం. తరవాత గాలి తాగుతుంది, తాగి పెళుసు పొర కట్టుకుంటుంది, ఆ పొర కింద మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. అప్ప బొటనవేలిని ఇంకొక్క అంగుళం ముందుకి తీసుకురావడం మాత్రం నాకు తెలియదు.